సేంద్రియ మిఠాయిలు, చిరుతిండ్లు ఆరోగ్యమునకు మంచివేనా?

(బెల్లంపల్లి ప్రాంత రైతుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



బెల్లంపల్లి, మంచిర్యాల బజారులలో ఇప్పుడు "ఆర్గానిక్" అను మాట అచ్చువేసిన పొట్లములు అమ్ముచున్నారు. జొన్న బిస్కట్లు, రాగి లడ్డూలు, కొర్ర మురుకులు, బెల్లముతో చేసిన పల్లీపట్టీలు వీనిలో కలవు. వీని ధర మామూలు సరుకు ధరకంటె ఎక్కువ. అయినను కొనువారు కొనుచునే యున్నారు. "మందు కొట్టని పంటతో చేసినది గదా, పిల్లలు ఎంత తిన్నను భయము లేదు" అని తల్లులు అనుకొనుచున్నారు. "ఇది చక్కెర కాదు, బెల్లము, షుగర్ ఉన్నవారు కూడ తినవచ్చును" అని అమ్మువారు చెప్పుచున్నారు. ఈ రెండు మాటలలో నిజమెంత యున్నదో ఈ దినము విచారింతము.

ఈ విషయము మీకు రెండు విధముల ముఖ్యమైనది. మీరును, మీ పిల్లలును ఈ సరుకును తినువారు, అది మొదటిది. మీలో కొందరు సేంద్రియ పంటలు పండించి, మహిళా సంఘముల ద్వారా తినుబండారములుగా మార్చి అమ్మవలెనను ఆలోచనలో నున్నారు, అది రెండవది. తినువారికి గాని, అమ్మువారికి గాని, నిజము తెలిసియుండుటయే లాభము.

ముందుగానే ఒక మాట చెప్పెదను. సేంద్రియ ముద్ర చేనును గురించి సాక్ష్యము చెప్పును. పొయ్యిమీద కడాయిలో ఏమి జరిగినదో అది చెప్పదు. చేను మంచిదైనంత మాత్రమున మిఠాయి మంచిది కాదు. మిగిలినదంతయు ఈ మాటకు వివరణమే.

ముద్ర దేనిని గురించి చెప్పును?

మన దేశములో సేంద్రియ ఉత్పత్తికి జాతీయ కార్యక్రమము 2001లో అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము చేనులో రసాయనిక ఎరువులు, రసాయనిక పురుగుమందులు, కలుపుమందులు, జన్యుమార్పిడి విత్తనములు వాడరాదు. ఏకవార్షిక పంటలు వేయు భూమి రెండేండ్లు, మామిడి వంటి బహువార్షిక తోటలు మూడేండ్లు ఈ నియమములను పాటించిన పిదపనే పంటకు సేంద్రియమను పేరు వచ్చును. రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి చేనును మరియొకరు తనిఖీ చేసికొను పి.జి.ఎస్. పద్ధతియు వేరుగా కలదు. 2017లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ సేంద్రియ ఆహారములకు నిబంధనలు చేసినది. పొట్లముపై కనబడు "జైవిక్ భారత్" గుర్తు ఆ నిబంధనలకు సంబంధించినదే.

ఇక తయారుచేసిన సరుకు మాట. జాతీయ కార్యక్రమము క్రింద ఒక బిస్కట్టుకో లడ్డూకో సేంద్రియమను పేరు పెట్టవలెనన్న అందులోని దినుసులలో నూటికి 95 పాళ్లు ధ్రువపరచిన సేంద్రియ పంటనుండి వచ్చినవై యుండవలెను. ఈ లెక్కలో నీటిని, ఉప్పును చేర్చరు. గమనించితిరా? ఉప్పు ఎంత వేసినను సేంద్రియ లెక్కకు అది అడ్డము రాదు. చక్కెర ఎంత వేయవలెను, నూనె ఎంత పీల్చవచ్చును అనుదానికి ఈ నియమములలో హద్దు లేదు. సేంద్రియ చెరకునుండి తీసిన చక్కెరయు సేంద్రియమే. సేంద్రియ పల్లీల నూనెలో వేయించిన మురుకులును సేంద్రియమే. చట్టము దృష్టిలో అందులో తప్పు ఏమియు లేదు. తప్పు అంతయు ఆ మాటను "ఆరోగ్యకరము" అని మనము చదువుకొనుటలో నున్నది.

సేంద్రియము వలన మేలు లేదా?

ఉన్నది. దానిని తక్కువ చేయరాదు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు అంతకుముందు జరిగిన రెండు వందలకు పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిరి. సేంద్రియ ఆహారములో పురుగుమందుల అవశేషములు కనబడుట తక్కువ అని వారు తేల్చిరి. కాని పోషక విలువలో సేంద్రియమునకు, మామూలు పంటకు చెప్పుకోదగిన తేడా ఉన్నట్లు గట్టి ఆధారము లేదనియు చెప్పిరి. 2014లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయమువారి ఆధ్వర్యమున జరిగిన మరియొక పరిశీలనలో సేంద్రియ పంటలలో కొన్ని మేలుచేయు పదార్థములు ఎక్కువగాను, కాడ్మియమను విషలోహము తక్కువగాను ఉన్నట్లు కనబడినది.

దీనికి మించిన మేలు మందు కొట్టు మనిషికి కలుగును. పత్తిచేనులో ముక్కుకు గుడ్డ కట్టుకొని స్ప్రేయరు మోయువాడు తినువానికంటె ముందు విషమునకు గురియగుచున్నాడు. వాని దేహమునకు, నేలకు, బావినీటికి సేంద్రియ సాగు మేలు. ఇవన్నియు చేనికి సంబంధించిన మేళ్లు. జొన్నను రొట్టె చేసికొని తిన్నపుడు ఈ మేలు మీ కంచములోనికి వచ్చును. అదే జొన్నపిండిని చక్కెరతోను, కొవ్వుతోను కలిపి బిస్కట్టు చేసినపుడు అవశేషములు తగ్గిన మాట నిజమే. కాని చక్కెర, కొవ్వు చేయు కీడు ఎక్కడికి పోవును?

బెల్లము, చక్కెర: తేడా ఎంత?

బెల్లములో చక్కెరలో లేని ఖనిజములు కొద్దిగా కలవు. కాని దానిలో నూటికి 85 నుండి 95 వంతులు చక్కెరలే. 100 గ్రాముల చక్కెర సుమారు 400 కెలోరీల శక్తి నిచ్చును. అంతే బెల్లము 350 నుండి 385 వరకు ఇచ్చును. ఒంటిలోనికి పోయిన తరువాత రెండును రక్తములో గ్లూకోజును పెంచునవే. కావున "బెల్లము కనుక షుగర్ వారు తినవచ్చును" అను మాట ప్రమాదకరమైన మాట. సేంద్రియ బెల్లమైనను, తేనె అయినను ఇంతే.

బెల్లములో ఇనుము ఉన్నది, రక్తహీనత పోవును అని మరియొక మాట. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారము 100 గ్రాముల బెల్లములో ఇనుము 5 మిల్లీగ్రాములకు లోపే. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాములు కావలెనని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి నిర్ణయించినది. ఆ లెక్కన 100 గ్రాముల బెల్లము తిన్నను ఆరవవంతు అవసరమే తీరును. దానితోపాటు మితిమీరిన చక్కెర ఒంటికెక్కును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారము, విడిగా కలుపు చక్కెరలనుండి వచ్చు శక్తి మొత్తము శక్తిలో పదవవంతును మించరాదు. ఇరువదవవంతుకు తగ్గించిన ఇంకను మేలు. దినమునకు 2,000 కెలోరీలు తినువానికి ఇది 50 గ్రాములు, 25 గ్రాములు అగును. ఇప్పుడు ఒక పల్లీపట్టీని తీసికొనుడు. బరువు 50 గ్రాములు. సగము పల్లీలు, సగము బెల్లము అనుకొందము. అందులోని 25 గ్రాముల బెల్లములో చక్కెర సుమారు 22 గ్రాములు. టీలో చక్కెర కలుపుకొనకముందే, ఒక్క పట్టీతో, మేలైన హద్దు దాదాపు నిండినది. చిన్నపిల్లవాని హద్దు ఇంకను తక్కువ.

నూనె, ఉప్పు

సంక్రాంతికి సకినాలు లేని ఇల్లు మన ప్రాంతములో ఉండదు. బియ్యపు పిండి, నువ్వులు, వాము కలిపి చేయు ఈ వంటలో తీపి లేదు. కాని నూనె యున్నది. ఎంత పీల్చినదో ఊహింప నక్కరలేదు, మీరే తూచి చూడవచ్చును. వేయించుటకు ముందు కడాయిలోని నూనెను తూచుడు. వేయించిన పిదప మిగిలినదానిని తూచుడు. తయారైన సకినాలు రెండు కిలోలై, నూనె 600 గ్రాములు తగ్గినయెడల, తిండిలో నూటికి 30 వంతులు నూనెయే. గ్రాము నూనెకు 9 కెలోరీలు. ఆ 600 గ్రాములకు 5,400 కెలోరీలు. గ్రాము పిండి ఇచ్చునది 4 కెలోరీలు మాత్రమే. గానుగ నూనె అయినను ఈ లెక్క మారదు.

ఒకే నూనెను మరల మరల కాచుట మరియొక కీడు. కాచిన కొలది నూనె విరిగి, చిక్కబడి, నల్లబడును. చెడిన పదార్థములు నూటికి 25 వంతులు మించిన నూనెను వాడరాదని 2018 నుండి మన దేశములో నిబంధన కలదు. మీ ఇంటిలో దానిని కొలుచు పరికరము లేకపోవచ్చును. కాని నురుగు ఎక్కువగుట, త్వరగా పొగవచ్చుట, రంగు మారుట, జిగురు పట్టుట కన్నులకు కనబడును. అట్టి నూనెను పారవేయుటయే మంచిది.

ఉప్పు పెద్దవారికి దినమునకు 5 గ్రాములు మించరాదు. పొట్లముపై "సోడియం" అని వ్రాసిన అంకెను రెండున్నరతో హెచ్చవేసిన ఉప్పు లెక్క వచ్చును. 100 గ్రాముల కారపు తిండిలో సోడియం 800 మిల్లీగ్రాములున్న, ఉప్పు 2 గ్రాములన్నమాట.

చిరుధాన్యముల పేరు

జొన్న మన పాత ఆదిలాబాదు జిల్లా పంట, మన పెద్దల రొట్టె. 100 గ్రాముల జొన్నలలో మాంసకృత్తులు, పీచు పదేసి గ్రాముల వరకు కలవు. 2023 సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప ఈ ధాన్యములకు మరల గిరాకి వచ్చినది. సంతోషమే. కాని "జొన్న బిస్కట్టు" అని పేరుపెట్టిన దానిలో జొన్న ఎంత? పొట్లము వెనుక దినుసుల జాబితా యుండును. బరువులో ఎక్కువైనది ముందు, తక్కువైనది తరువాత వ్రాయవలెనన్నది నియమము. ముందు గోధుమపిండియో మైదాయో, తరువాత చక్కెర, తరువాత నూనె, నాలుగవచోట జొన్న ఉన్నచో, అది పేరునకు మాత్రమే జొన్న బిస్కట్టు. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అను పేర్లు కూడ చక్కెర కుటుంబమునకు చెందినవే.

కర్మాగారములలో అతిగా మార్చి చేసిన ఆహారమును గురించి 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఒక ప్రయోగము జరిగినది. 20 మందికి రెండు వారములు అట్టి ఆహారమును, రెండు వారములు ఇంటివంట వంటి ఆహారమును, కోరినంత తినుమని పెట్టిరి. రెండింటను వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు ఇంచుమించు సమానమే. అయినను మొదటి ఆహారము తిన్నపుడు వారు దినమునకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తినిరి. రెండు వారములలో సుమారు 900 గ్రాముల బరువు పెరిగిరి. మెత్తగా, త్వరగా మ్రింగుటకు వీలుగా ఉన్న తిండి కడుపు నిండినట్లు తెలియకముందే లోపలికి పోవును. దానికి సేంద్రియ ముద్ర పడినంత మాత్రమున ఆ గుణము మారదు.

పేరు మనస్సును ఎట్లు మరపించునో చూపిన పరిశోధన ఒకటి కలదు. 2010లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయములో విద్యార్థులకు బిస్కట్ల వివరములు చూపిరి. కెలోరీల అంకె వ్రాసియున్నను, "ఆర్గానిక్" అని ఉన్నవానిలో కెలోరీలు తక్కువ అని, వానిని మరి కొంచెము తరచుగా తినవచ్చునని వారు భావించిరి. చదువుకున్నవారినే ఆ ఒక్క మాట తప్పుదారి పట్టించినది.

మన ప్రాంతపు సంగతి

బెల్లంపల్లిలో బొగ్గు త్రవ్వకము మొదలై తొంబది ఏండ్లు దాటినది. తట్టా చెమ్మస్‌లతో బొగ్గు నింపిన దినములలో మనిషి ఒక్క షిఫ్టులో ఖర్చుపెట్టిన శక్తి చాల ఎక్కువ. చేనులో నాగలి పట్టినవాడును, నాటు వేసిన స్త్రీయు అట్లే కష్టపడిరి. ఆనాడు ఒక బెల్లపు ముద్ద వారికి బలము. ఈనాడు గనిలో యంత్రములు వచ్చినవి. పాత గనులు కొన్ని మూతబడినవి. పొలములో ట్రాక్టరు, వరికోత యంత్రము వచ్చినవి. పని తగ్గినది, తిండి తగ్గలేదు, తీపి పెరిగినది. ఒకనాడు పండుగకు మాత్రమే చేసిన గరిజెలు, అరిసెలు, లడ్డూలు ఇప్పుడు దినమును దుకాణములో దొరకుచున్నవి.

ఫలితమును దేశమంతటి లెక్కలు చెప్పుచున్నవి. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము మన దేశములో మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడిరి. మరి 13 కోట్లకు పైగా జనులు దాని వాకిటిలో నున్నారు. ఇది పట్టణమువారి జబ్బు అని పల్లెవారు ధైర్యముగా ఉండు కాలము గడచినది. ఒక ఇంటిలో షుగర్ వచ్చిన, మందులకు, పరీక్షలకు, పాదమునకు పుండు పడిన పోవు పనిదినములకు అగు ఖర్చు ఎంతయో ఆ ఇంటివారికి తెలియును.

ఇంకొక సంగతి. బొగ్గు లారీలు తిరుగు బాట ప్రక్క మూత లేకుండ పెట్టి అమ్ము తిండికి దుమ్ము పట్టక మానదు. పిండి సేంద్రియమైనంతనే దుమ్ము దూరము పోదు.

బూజు ముద్రను చూడదు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు హఠాత్తుగా చనిపోయినవి. కారణము వెదుకగా, మేతలో కలిపిన పల్లీల చెక్కలో ఒక బూజు వదలిన విషము కనబడినది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమునకు హాని, కాన్సరునకు దారితీయును. పల్లీలను వేయించినను అది పూర్తిగా నశింపదు. ఈ బూజునకు సేంద్రియ పంట, మామూలు పంట అను భేదము లేదు; తేమ దొరికిన చాలు. కావున కాయను ఊపిన గింజ గలగలలాడునంతవరకు, తేమ నూటికి 8 పాళ్లకు తగ్గునంతవరకు ఎండబెట్టవలెను. ముడుతలు పడిన, రంగు మారిన, పగిలిన, బూజుపట్టిన గింజలను ఏరి పారవేయవలెను. వానిని పొడిచేసి పట్టీలలో కలుపుట తినువానికి ద్రోహము.

కొనునప్పుడు, చేయునప్పుడు

కొనునప్పుడు పొట్లము ముందు వైపు చదివిన చాలదు. వెనుకకు త్రిప్పి దినుసుల క్రమము, 100 గ్రాములకు చక్కెర, కొవ్వు, సోడియం ఎంతో చూడుడు. పిల్లల ఆకలికి ఉడికించిన పల్లీలు, వేయించిన శనగలు, పేలాలు, మొక్కజొన్న కంకి, జామపండు చాలును. ఇవి మీ చేనులోనివే. పొట్లము ధరకంటె చాల చౌక. సేంద్రియ సరుకుపై ఎక్కువ పైసలు పెట్టదలచిన, నిత్యము తిను బియ్యము, పప్పు, కూరగాయలపై పెట్టుడు. అక్కడ ఆ పైసలకు ఫలము కలదు.

ఇంటిలో చేసికొను తీపిని మానుమని నేను చెప్పుట లేదు. పండుగ పండుగగానే ఉండవలెను. కాని పాళ్లు మార్చవచ్చును. నువ్వుల ముద్దను తీసికొనుడు. 100 గ్రాముల నువ్వులలో కాల్షియం 1,000 మిల్లీగ్రాములకు పైగా ఉండును. ముద్దలోని బలమంతయు నువ్వులదే. బెల్లము కట్టుటకు, రుచికి మాత్రమే. కిలో నువ్వులకు కిలో బెల్లము వేసి 20 గ్రాముల ముద్దలు కట్టిన, ఒక్కొక్క దానిలో 10 గ్రాముల బెల్లము పోవును. నువ్వులను దోరగా వేయించి, దంచి, నూనె ఊరనిచ్చిన అర కిలో బెల్లముతోనే ముద్ద కట్టును. అప్పుడు 20 గ్రాముల ముద్దలు 75 వచ్చును. ఒక్కొక్క దానిలో బెల్లము 7 గ్రాములకు లోపే.

ఉట్నూరు ప్రాంతములో ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముచున్నారు. అడవిలో రాలిన పువ్వునకు విలువ కట్టుట, ఇంటిలోని స్త్రీకి ఆదాయము చూపుట మెచ్చదగిన పని. ఇప్పపువ్వు స్వభావముచేతనే తీపి. అందుచేత దానికి తోడు పల్లీలు, నువ్వులు ఎక్కువగాను, బెల్లము తక్కువగాను వేసిన అది మంచి చిరుతిండి యగును. అయినను అది తీపియే. ఒకటి రెండు తినుటకే గాని కడుపు నింపుకొనుటకు కాదు.

అమ్మదలచిన వారికి

తినుబండారములు చేసి అమ్ము సంఘములు ముందు ఆహార భద్రత శాఖ నమోదు పొందవలెను. ధ్రువపత్రము లేనిది సేంద్రియమని వ్రాయరాదు. వ్యాధి నయమగునని, షుగర్ తగ్గునని వ్రాయుట 2018 నిబంధనల ప్రకారము నేరము. చట్టము మాట అటుంచుడు. మీ లడ్డూ తిన్న షుగర్ రోగికి రక్తపరీక్షలో అంకె పెరిగిననాడు వాడు మీ లడ్డూను మాత్రమే కాదు, సేంద్రియమను మాటనే నమ్మడు. రెండు మూడేండ్లు దిగుబడి తగ్గినను ఓర్చుకొని చేను మార్చుకున్న రైతు కష్టము ఒక్క అబద్ధపు చీటీతో నీరుగారును.

పొట్లముపై ఇట్లు వ్రాయుడు: "సేంద్రియ పంటతో చేసినది. ఒక ముద్ద బరువు 20 గ్రాములు. అందులో బెల్లము 7 గ్రాములు. తయారుచేసిన తేదీ ఇది." దీనిలో గొప్పలు లేవు, అబద్ధము లేదు. కాని చదివిన గిరాకి మరల మీ వద్దకే వచ్చును. మందులు కలుపని సరుకు త్వరగా చెడువాసన పట్టును గనుక, కొద్దికొద్దిగా చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టి, త్వరగా అమ్ముడు.

సోదరులారా, సోదరీమణులారా! సేంద్రియ సాగు మంచిదే, చేయగలవారు చేయుడు. సేంద్రియ ధాన్యము, పప్పు, కూర మంచివే, తినుడు. కాని మిఠాయి మిఠాయియే, మురుకులు మురుకులే. వానిని తినునప్పుడు "ఇది ఏ చేనిది?" అని ఒకసారి అడిగిన, "ఇందులో తీపి ఎంత, నూనె ఎంత, ఉప్పు ఎంత, నేను తినునది ఎంత?" అని నాలుగుసార్లు అడుగుడు. ఈ లెక్క ఇంటిలోని ఆడవారికి, బడికి పోవు పిల్లలకు కూడ నేర్పుడు. విత్తనము కొనునప్పుడు సంచిమీది బొమ్మను చూచి మోసపోని రైతు, తిండి కొనునప్పుడు మాత్రము ఎందుకు మోసపోవలెను?